ఫార్మాట్ కొట్టే ముందు ఒకసారి కంప్యూటర్ డబ్బా మూత తీసి చూడండి

ఎడిటర్ గారికి నమస్కారం.

ఆ మధ్య మీ పేపర్లో విండోస్ 10కి సపోర్ట్ ఆగిపోయింది, అంటే మామూలుగా వచ్చే సెక్యూరిటీ అప్‌డేట్లు ఇంక రావు, పాత కంప్యూటర్లు వాడేవాళ్ళు జాగ్రత్తగా ఉండాలి అని ఒక వార్త వేశారు. వార్తలో తప్పేం లేదండి, 2025 అక్టోబర్ 14తో మైక్రోసాఫ్ట్ వాళ్ళు నిజంగానే ఆపేశారు. కానీ ఆ కటింగ్‌ని మా ఊళ్ళో ఒక రిపేరు షాపులో గోడకి అతికించుకోని, ఎవరు ఏ కంప్యూటర్ మోసుకొచ్చినా దాన్నే చూపించి "ఇంక ఇది పనికిరాదు మేడం, కొత్తది తీసుకోండి" అంటా ఉన్నారు. నాకూ అదే చెప్పారు. నా కంప్యూటర్ చెడిపోయింది దానివల్ల కాదు, ఆ సంగతి తెలుసుకునేసరికి మూడు నెలలు పట్టింది, రెండు సార్లు ఫార్మాట్ అయింది, తిరిగిరానిది ఒకటి పోయింది. అందుకే రాస్తున్నా. కొంచెం పొడుగ్గా ఉంటది, వీలైతే కత్తిరించకుండా వెయ్యండి.

మాది చీమకుర్తి. నేను ఇంట్లోనే కూర్చోని చిన్న చిన్న గ్రానైట్ కటింగ్ యూనిట్లకి, పాలిషింగ్ యూనిట్లకి ట్యాలీలో లెక్కలు రాస్తా ఉంటా. మా ఆయన కూడా పాలిషింగ్ యూనిట్‌లోనే పని. కంప్యూటర్ 2017లో ఒంగోల్లో అసెంబుల్ చేయించింది, ఐ3 ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్‌లు రెండు, 1 టీబీ హార్డ్ డిస్క్. ఆన్ అవ్వడానికి పది నిమిషాలు పట్టిద్దని నేను దాన్ని రాత్రిపూట కూడా ఆపేదాన్ని కాదు. అట్లా నెలలకి నెలలు నడిచింది పాపం.

గొడవ మార్చిలో మొదలైంది. అంతకుముందు నుంచే ఫ్యాన్ హోరు ఎక్కువగా ఉండేది, ఏ పనీ చెయ్యకపోయినా, అన్నీ మూసేసి పడుకున్నా సరే, అర్ధరాత్రి లేచి నీళ్ళు తాగుదామని హాల్లోకి వస్తే అది ఒక్కటే గుయ్యిమని తిరుగుతా ఉండేది, నేనేమో పాతబడింది గదా అందుకే అనుకున్నా. మార్చి నుంచి ఉన్నట్టుండి స్క్రీన్ నల్లగా అయిపోయి దానంతట అదే మల్లా ఆన్ అవ్వడం, ఒక్కోసారి నీలం స్క్రీన్ వచ్చి ఏదో ఇంగ్లీషులో రాసి వెళ్ళిపోవడం, ఒక్కోసారి మౌస్ కూడా కదలకుండా బిగుసుకుపోవడం. నెలలో 20వ తారీఖు లోపల జీఎస్టీ త్రీబీ అనే నెల రిటర్న్ వెయ్యాలి, ఒక్క రోజు దాటినా రోజుకి యాభై చొప్పున లేట్ ఫీజు. 20 సాయంత్రం ఆరింటికి నాలుగు యూనిట్ల రిటర్న్‌లు చేతిలో పెట్టుకోని ఉంటే మూడు సార్లు ఆరిపోయింది, ఆ రోజు నా చేతులు వణికాయి.

షాపుకి తీసుకెళ్ళా. అబ్బాయి ఆన్ చేసి రెండు నిమిషాలు చూసి "వైరస్ అక్కా, ఫార్మాట్ కొడితే సరిపోద్ది" అన్నాడు. ఐదొందలు. సాయంత్రానికి ఇచ్చేశాడు. ఇంటికొచ్చి చూస్తే ట్యాలీ ఖాళీ. ట్యాలీ డేటా మామూలుగా సీ డ్రైవ్‌లోనే పబ్లిక్ అనే ఫోల్డర్‌లో ఉంటది, మనం మార్చుకుంటే తప్ప. డెస్క్‌టాప్ మీద పెట్టుకున్న ఫోల్డర్లన్నీ కూడా సీ డ్రైవే. ఫార్మాట్ అంటే ఆ సీ డ్రైవ్‌ని తుడిచెయ్యడమే. తుడిచే ముందు "అక్కా, ఇందులో నీకు కావాల్సినవి ఏమైనా ఉన్నాయా" అని ఒక్క మాట అడగలేదు. పెన్‌డ్రైవ్‌లో పదిహేను రోజుల కిందటి బ్యాకప్ ఉంది కాబట్టి లెక్కలు బతికాయి, మిగతా పదిహేను రోజుల బిల్లులు మూడు రాత్రులు కూర్చోని మల్లా ఎక్కించా. కానీ డెస్క్‌టాప్ మీద ఒక వీడియో ఉంది, మా నాన్న మా పెద్దోడిని ఒళ్ళో కూర్చోబెట్టుకోని పలక మీద ఓనమాలు దిద్దించింది. ఆయన పోయి నాలుగేళ్ళు. ఫోన్‌లో తీసిందే, ఫోన్ పాడైపోతే కంప్యూటర్‌లోకి ఎక్కించా, ఇంకెక్కడా లేదు. ఆ తర్వాత ఎవరో చెప్పారు, ఫార్మాట్ అయిన వెంటనే ఆ డిస్క్ వాడకుండా పక్కన పెట్టేస్తే రికవరీ సాఫ్ట్‌వేర్‌తో కొంతవరకు తిరిగొచ్చేదని, మనం వాడేకొద్దీ పాత ఫైళ్ళ మీద కొత్తవి ఎక్కుతాయంట. నేను అప్పటికే మూడు రాత్రులు దాని మీదే టైప్ చేశా.

సరే, అదన్నా బాగయిందా అంటే మూడో రోజుకే మల్లా హోరు, మల్లా ఆరిపోవడం. ఏప్రిల్‌లో రెండోసారి తీసుకెళ్తే మల్లా ఫార్మాట్, ఈసారి నేను ముందే అన్నీ కాపీ చేసుకున్నా. మల్లా అంతే. మేలో మూడోసారి పోతే మదర్‌బోర్డు పోయిందన్నాడు, మీ పేపర్ కటింగ్ చూపించాడు, కొత్తది ముప్పై ఐదు వేలు అన్నాడు.

ఆ రాత్రి మా తమ్ముడు ఒంగోలు నుంచి వచ్చాడు. వాడు కంప్యూటర్ మెకానిక్ కాదు, కటింగ్ మెషిన్లకి మోటార్లు, ప్యానెల్ బోర్డులు చూస్తాడు. అంతా విని ఒక మాట అన్నాడు. "అక్కా, బ్లేడ్ మోటార్ నడుస్తా నడుస్తా, అది కాలిపోకుండా ఆపేసే ఓవర్‌లోడ్ రిలే పడిపోయిందనుకో, మేం రిలే మార్చం, మోటార్ మార్చం. ముందు అది ఎన్ని ఆంప్స్ లాగుతుందో చూస్తాం, బేరింగ్ బిగుసుకుందా, నీళ్ళు సరిగ్గా వస్తున్నాయా, వోల్టేజీ ఎంతుంది, ఏ టైంలో పడతా ఉంది, ఇవన్నీ చూసి అప్పుడు చెయ్యి పెడతాం. వీళ్ళు నీ కంప్యూటర్‌కి ఇందులో ఒక్కటన్నా చూశారా?" చూడలేదు. మూడు సార్లలో ఒక్కసారి కూడా డబ్బా మూత తియ్యలేదు.

వాడు చెప్పినట్టు నేను చిట్టా రాయడం మొదలుపెట్టా. నాకు అలవాటైన పనే గదా, ఒక నోటు బుక్కులో గీతలు కొట్టి తారీఖు, టైము, అప్పుడు ఏం పని చేస్తన్నా, ఎట్లా ఆగింది, నల్ల స్క్రీనా నీలం స్క్రీనా బిగుసుకుపోయిందా, మల్లా ఆన్ చేస్తే ఎంతసేపట్లో వచ్చింది అని. తొమ్మిది రోజులు రాశా, ఇరవై మూడు ఎంట్రీలు వచ్చాయి. చిట్టాలో నుంచి ఆవర్జాలోకి ఖాతాలవారీగా దించుకున్నట్టు వాటిని విడదీస్తే రెండు రకాలు కనపడ్డాయి. ఏ మెసేజ్ లేకుండా ఠక్కున ఆరిపోయినవి పదిహేడు, అవన్నీ మధ్యాహ్నం ఒంటిగంటకీ ఐదింటికీ మధ్య. నీలం స్క్రీన్ వచ్చినవి ఆరు, వాటికి టైముతో సంబంధం లేదు, పొద్దున ఏడింటికి కూడా వచ్చింది. అంటే రోగం ఒకటి కాదు రెండు, నేను మూడు నెలలుగా రెండింటినీ ఒకటే అనుకోని తిరుగుతున్నా.

విండోస్ కూడా తనంతట తాను ఒక చిట్టా రాసుకుంటది, ఈ సంగతి చాలామందికి తెలవదు. కింద సెర్చ్ దగ్గర రిలయబిలిటీ అని కొడితే రిలయబిలిటీ హిస్టరీ అని వచ్చిద్ది, క్యాలెండర్ లాగా ఉంటది, ఏ రోజు ఏది పడిపోయిందో ఎర్ర గుర్తు పెట్టి ఉంటది. ఇంకొంచెం లోపలికి పోవాలంటే ఈవెంట్ వ్యూయర్. అందులో కెర్నల్ పవర్ 41 అని కనపడితే భయపడి కరెంటు సమస్య అని తేల్చెయ్యకూడదు, దానికి అర్థం మెషిన్ పద్ధతిగా షట్‌డౌన్ అవ్వలేదు అని మాత్రమే. దాని వివరాల్లో బగ్ చెక్ కోడ్ దగ్గర సున్నా ఉంటే కరెంటు పోవడమో వేడికి ఆరిపోవడమో బిగుసుకుపోవడమో అయ్యుంటది, సున్నా కాకుండా వేరే అంకె ఉంటే అది నీలం స్క్రీన్. నా చిట్టా పక్కన పెట్టుకోని చూస్తే పదిహేడుకి పదిహేడు సున్నాలు. ఫార్మాట్ చేస్తే ఈ రికార్డు అంతా కూడా పోద్ది, అది గుర్తు పెట్టుకోవాలి. దొంగతనం జరిగిన ఇంటిని పోలీసులు రాకముందే కడిగేసినట్టు.

ఇంక డబ్బా సంగతి. ఆదివారం పొద్దున్నే ప్లగ్ పీకేసి, పవర్ బటన్ ఐదు సెకన్లు నొక్కి పట్టుకోని లోపల మిగిలిన కరెంటు పోనిచ్చి, వరండాలోకి తీసుకెళ్ళి పక్క మూత తీశాం. ఎడిటర్ గారూ, మా ఊరు బ్లాక్ గెలాక్సీ గ్రానైట్‌కి ప్రపంచమంతా తెలుసు, నల్లరాయిలో బంగారు చుక్కలు మెరుస్తా ఉంటాయి, ఆ రాయి ఎన్ని దేశాలకి పోతుందో. కానీ ఆ రాయిని కోసిన నీళ్ళు ఎండిపోతే బూడిదరంగు పౌడర్ అయిద్ది, లారీ పోయినప్పుడల్లా లేచి ఇళ్ళల్లోకి వచ్చిద్ది, పొద్దున తుడిస్తే సాయంత్రానికి టీవీ మీద వేలితో పేరు రాయొచ్చు. ప్రాసెసర్ మీద ఒక చిన్న ఫ్యాను, దాని కింద సన్న సన్న రేకులతో హీట్ సింక్ ఉంటది, ఫ్యాన్ గాలి ఆ రేకుల మధ్య నుంచి పోతేనే వేడి బయటికి పోద్ది. ఫ్యాన్ తీసి చూస్తే రేకులు కనపడలేదు. వాటి మీద కంబళి ముక్క పరిచినట్టు ఒక బూడిదరంగు పొర, గోరుతో పట్టుకోని లాగితే అట్లానే చాపలాగా ఊడొచ్చింది. దాని కింద ఇంకో పొర. మా ఆయన దాన్ని చేతిలోకి తీసుకోని చాలాసేపు మాట్లాడలేదు. "మిషన్‌లోనే ఇంత ఉందంటే నా రొమ్ములో ఎంత ఉండాలి" అన్నాడు. ఆ మాట గురించి వేరే ఉత్తరం రాయాలి, రాస్తా.

మెత్తటి పెయింటింగ్ బ్రష్‌తో దులిపాం, తమ్ముడు యూనిట్ నుంచి బ్లోయర్ తెచ్చాడు. బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాన్‌ని వేలుతో కదలకుండా పట్టుకోవాలి, లేకపోతే గాలికి విపరీతంగా తిరిగి బేరింగ్ పోద్ది, బోర్డులోకి కరెంటు కూడా తన్నే ప్రమాదం ఉంది. తడిగుడ్డ అస్సలు పెట్టకూడదు. తర్వాత హీట్ సింక్ మొత్తం ఊడదీస్తే ప్రాసెసర్‌కీ దానికీ మధ్య వేడిని దాటించడానికి ఉండాల్సిన థర్మల్ పేస్ట్ ఎండిపోయి గోడ సున్నంలాగా పెళుసులు పెళుసులుగా రాలింది, 2017లో పెట్టిందే గదా. మెడికల్ స్పిరిట్ లాంటి ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, నూట ఎనభై పెట్టి కొన్న కొత్త పేస్ట్ కందిగింజంత మధ్యలో పెట్టి నొక్కి బిగించాం. ఎక్కువ పూస్తే మంచిదని కొందరు జామ్‌లాగా పూస్తారు, అవసరం లేదు, ఆ సన్న సందు నిండితే చాలు.

వేడి చూపించే ఫ్రీ సాఫ్ట్‌వేర్లు ఉంటాయి, తియ్యకముందు ఒకసారి తీసినాక ఒకసారి చూశాం. ముందు 96, 97 డిగ్రీలు చూపించేది. ఆ తర్వాత అదే మధ్యాహ్నం, అదే రోహిణీ కార్తె ఎండలో, 64 దాటలేదు. ఇంటెల్ చిప్పుల్లో చాలావాటికి వంద డిగ్రీల దగ్గర హద్దు ఉంటది, ఆ దరిదాపుల్లోకి వస్తే ముందు స్పీడు తగ్గించుకుంటది, అప్పటికీ తగ్గకపోతే కాలిపోకుండా తనకి తాను ఆరిపోద్ది. అంటే ఆ పదిహేడు సార్లూ అది చెడిపోయి ఆగలేదు, చెడిపోకుండా కాపాడుకోవడానికి ఆగింది. మా తమ్ముడు చెప్పిన రిలే అదే. రోహిణీ కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు, అట్లాంటిది గాలాడని డబ్బాలో చిప్పు ఎంత తట్టుకుంటది చెప్పండి.

అయితే ఇంకో ప్రశ్న మిగిలింది. ఏ పనీ లేనప్పుడు అది అసలు ఎందుకు అంతగా తిరుగుతా ఉంది? దుమ్ము తీసినాక వేడి తగ్గింది గానీ హోరు పూర్తిగా పోలేదు. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వచ్చిద్ది, అందులో సీపీయూ అని ఉన్నచోట నొక్కితే ప్రాసెసర్‌ని ఎక్కువ తినే ప్రోగ్రామ్ పైకి వచ్చిద్ది. నేను తెరవంగానే అంతా మామూలుగా ఉండేది, మూడు శాతం, నాలుగు శాతం. మూసేసిన నిమిషానికి మల్లా ఫ్యాన్ లేచేది. రెండు మూడు సార్లు నాకు భ్రమేమో అనుకున్నా. ఒకరోజు పడుకోబోయే ముందు టాస్క్ మేనేజర్ తెరిచే వదిలేశా, రాత్రంతా ఇల్లు ఎంత నిశ్శబ్దంగా ఉందంటే మా అత్తమ్మ లేచి కంప్యూటర్ ఆపేశావా అని అడిగింది. తెల్లారి దాన్ని మూశా, టీ పెట్టేలోపల హోరు మొదలు.

అట్లాంటివి ఉంటాయంట, మనం చూస్తా ఉన్నంతసేపు అణిగి ఉండి చూపు తిప్పంగానే పని మొదలుపెట్టేవి. కాయిన్ మైనర్ అంటారు. మన కంప్యూటర్‌నీ మన కరెంటునీ వాడుకోని ఎక్కడో ఉన్న ఇంకెవరికో క్రిప్టో కరెన్సీ సంపాదించి పెడతది. విండోస్‌లోనే ఉండే యాంటీవైరస్, విండోస్ సెక్యూరిటీలోకి పోయి స్కాన్ పెడితే ఏమీ లేదని చెప్పింది. అప్పుడు ఎక్స్‌క్లూజన్స్ అనే చోట చూస్తే అర్థమైంది, మొత్తం సీ డ్రైవ్‌నే చూడొద్దు అని ఎవరో రాసి పెట్టారు. కాపలా కుక్కని గేటు బయట కట్టేసినట్టు. ఆ లైన్ తీసేసి, స్కాన్ ఆప్షన్స్‌లో డిఫెండర్ ఆఫ్‌లైన్ స్కాన్ అని ఉంటది, విండోస్ తెరుచుకోకముందే వెతుకుద్ది, అది పెడితే పావుగంటలో దొరికింది.

ఎక్కడ్నుంచి వచ్చింది? షాపబ్బాయి దగ్గర ఒక పెన్‌డ్రైవ్ ఉంటది, అందులో విండోసూ, లైసెన్స్ లేకుండా దాన్ని నడిపించే యాక్టివేటర్ అనే చిన్న ప్రోగ్రామూ ఉంటాయి. ఆ యాక్టివేటర్‌ని నడపాలంటే ముందు యాంటీవైరస్‌ని ఆపాలి, వాళ్ళే ఆపి నడుపుతారు, దాంతోపాటే ఇదీ లోపలికి దిగిద్ది. రెండేళ్ళ కిందట విండోస్ వేయించినప్పుడు ఒకసారి, మార్చిలో ఒకసారి, ఏప్రిల్‌లో ఒకసారి. అంటే రోగం పోవాలని చేయించిన ప్రతి ఫార్మాట్‌తోనూ రోగం మల్లా కొత్తగా లోపలికి వచ్చింది. ఆ అబ్బాయికి ఇది తెలుసని నేను అనుకోవడం లేదు. ఎవరో ఇచ్చిన పెన్‌డ్రైవ్, వాడికి ముందున్నవాడు కూడా అదే వాడుంటాడు. కానీ మా బజార్లో ఎన్ని ఇళ్ళల్లో ఆ పెన్‌డ్రైవ్ దూరిందో తలుచుకుంటే నాకు నిద్ర పట్టలేదు, అందులో బ్యాంకు పాస్‌వర్డులు కొట్టేవాళ్ళు ఉన్నారు, పిల్లల ఆధార్లు దాచుకున్నవాళ్ళు ఉన్నారు. ఖర్చు చూసినా చిన్నదేం కాదు, యాభై వాట్లు ఎక్కువ తింటే రోజంతా కలిపి 1.2 యూనిట్లు, నెలకి 36 యూనిట్లు, రెండేళ్ళు కట్టాం మేము.

దొరికింది తీసేసినా ఇంకేమన్నా మిగిలిందేమో అని నాకు నమ్మకం కుదరలేదు. అందుకని అన్నీ బయటి డిస్క్‌లోకి కాపీ చేసుకోని, లైసెన్స్ కొని, మైక్రోసాఫ్ట్ వాళ్ళ సొంత సైటు నుంచే విండోస్ దించుకోని నేనే ఫార్మాట్ చేసుకున్నా. పాస్‌వర్డులన్నీ మార్చా. ఫార్మాట్ అంటే నాకు పగ లేదండీ, ఎందుకు చేస్తున్నామో తెలిసి, దాచుకోవాల్సింది దాచుకోని చేస్తే అది మంచి పనే. ఇంక విండోస్ 10 సంగతి, నాది ఏడో తరం ఐ3, విండోస్ 11 దానికి పద్ధతి ప్రకారం ఎక్కదు, నిజమే. కానీ ఇళ్ళల్లో వాడేవాళ్ళకి సెక్యూరిటీ అప్‌డేట్లు 2026 అక్టోబర్ 13 దాకా ఇస్తామని మైక్రోసాఫ్ట్ వాళ్ళే ఒక ఏడాది పొడిగింపు పెట్టారు, సెట్టింగ్స్‌లో అప్‌డేట్ పేజీలో చేరొచ్చు. ఆలోపల డబ్బులు కూడబెట్టుకుంటా. సపోర్ట్ అయిపోవడం వేరు, మెషిన్ ఆరిపోవడం వేరు, ఈ రెండు ముక్కలు మీ వార్తలో ఇంకో లైను వేసుంటే ఆ కటింగ్ గోడెక్కేది కాదేమో.

నీలం స్క్రీన్లు మిగిలాయి గదా, అవి త్వరగానే తేలాయి. ఆ స్క్రీన్ మీద కింద స్టాప్ కోడ్ అని ఉంటది, ఫోన్‌తో ఫోటో తీసుకోవాలి. నాకు నాలుగు సార్లు మెమరీ మేనేజ్‌మెంట్ అనే వచ్చింది. ర్యామ్ ముక్కలు తీసి బంగారు పళ్ళ మీద పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది పెడితే చాలామందికి అక్కడే పోద్ది, నాకు పోలేదు. రెండు ముక్కల్లో ఒక్కోదాన్నే పెట్టి, విండోస్ మెమరీ డయాగ్నొస్టిక్ అని లోపలే ఉంటది, దాన్ని నడిపి చూస్తే రెండో ముక్కలో తప్పులు చూపించింది. 2017 బిల్లు నా దగ్గర ఉంది, బిల్లులు పారెయ్యడం నాకు చేతకాదు. ర్యామ్‌కి కొన్ని కంపెనీలు పదేళ్ళ వారెంటీ ఇస్తాయి, నాది అట్లాంటిదే, కొరియర్‌లో పంపితే మూడు వారాలకి కొత్తది వచ్చింది, రూపాయి తీసుకోలేదు. షాపులో ఇదే ముక్కకి మదర్‌బోర్డు పోయింది అని పేరు పెట్టారు.

హార్డ్ డిస్క్ గురించి కూడా ఒక మాట. ఆన్ చేసిన మొదటి పది పదిహేను నిమిషాలు డిస్క్ వంద శాతం చూపిస్తే కంగారు పడొద్దు, పాత డిస్క్‌ల మీద అప్‌డేట్లు, సెర్చ్ ఇండెక్సింగ్ నడుస్తా ఉంటే అట్లానే ఉంటది. అదే రోజంతా వందలోనే ఉండి, లోపల్నుంచి టిక్కు టిక్కుమని చప్పుడు వస్తా ఉంటే మాత్రం ఏ టెస్టులూ పెట్టకుండా ముందు మీ ఫైళ్ళు బయటికి తీసుకోండి, ఆ డిస్క్‌కి ఎక్కువ టైము లేదని అర్థం.

తమ్ముడు ఇంకోటి కనిపెట్టాడు, అసలు ఇది మొదట్లోనే రాయాల్సింది. డబ్బాకి కాలు తగిలితే జివ్వుమంటా ఉండేది, చెప్పులు లేకుండా నేల మీద కూర్చున్నప్పుడు మరీనూ, మేం అలవాటు పడిపోయాం. వాడు మల్టీమీటర్ తెచ్చి ప్లగ్‌లో ఫేజ్‌కీ న్యూట్రల్‌కీ చూస్తే 226 వోల్టులు ఉంది, ఫేజ్‌కీ ఎర్త్ రంధ్రానికీ చూస్తే దాదాపు అంతే రావాలి గదా, 40 కూడా రాలేదు. స్విచ్ బోర్డు విప్పితే ఎర్త్ పిన్నుకి వైరే లేదు. ఇల్లు కట్టి పన్నెండేళ్ళయింది. పెరట్లో గొయ్యి తీసి పైపు దించి ఉప్పు, బొగ్గు వేసి ఎర్తింగ్ చేయించాం, కంప్యూటర్ కంటే ముందు పిల్లల కోసం.

ఈ మూడు నెలల్లో ఒకసారి బ్రౌజర్ నిండా ఎర్ర స్క్రీన్ వచ్చి, మీ కంప్యూటర్ లాక్ అయింది వెంటనే ఈ నెంబర్‌కి ఫోన్ చెయ్యండి అని గట్టిగా అరిచింది. కంప్యూటర్ ఎప్పుడూ ఆగిపోతా ఉన్నవాళ్ళకి అది నిజమే అనిపిస్తది, నాకూ అనిపించింది, నెంబర్ సగం కొట్టా. మా పెద్దోడు ఫోన్ లాక్కున్నాడు. అట్లా ఫోన్ చేసి డబ్బులు పోగొట్టుకున్నవాళ్ళు ఉంటే ఆలస్యం చెయ్యకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చెప్పాలి.

ఇప్పుడు నేను అడిగేది. మీ పేపర్లో వంటలకి, రాశిఫలాలకి, పొలం పనులకి చోటుంది. వారానికి ఒక్క అరకాలమ్ ఇంట్లో వాడే కంప్యూటర్లకి, ఫోన్లకి ఇవ్వండి, పాఠకులు తమ మెషిన్ ఎట్లా ఆగిపోతా ఉందో రాస్తే తెలిసినవాళ్ళు జవాబు చెప్తారు. మా జిల్లాలో ఇంట్లో కూర్చోని అకౌంట్లు రాసే ఆడవాళ్ళు, మీసేవ పనులు చేసేవాళ్ళు, డీటీపీ చేసేవాళ్ళు ఎంతమంది ఉన్నారో, వాళ్ళకి ఆ డబ్బానే అన్నం పెడతా ఉంది. దుమ్ము ఉన్న ఊళ్ళల్లో ఆర్నెల్లకోసారి మూత తియ్యాలని, డబ్బాని నేల మీద కాకుండా స్టూల్ మీద పెట్టాలని, వెనకాల గోడకి జానెడు ఎడం ఉంచాలని చెప్పినా చాలు, సగం రిపేర్లు తగ్గుతాయి.

రిపేరు షాపుల తమ్ముళ్ళకి కూడా మీ పేపర్ ద్వారా చెప్తున్నా, కోపం తెచ్చుకోవద్దు. బిల్లు ఇవ్వండి, బిల్లు మీద ఏం చూశారో, ఏం దొరికిందో, ఏం మార్చారో రెండు లైన్లు రాయండి, మార్చిన పాత ముక్క మాకు తిరిగివ్వండి. ఫార్మాట్ కొట్టే ముందు అడగండి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం బిల్లు ఇవ్వకపోవడం అన్యాయమైన వ్యాపార పద్ధతే, 1915కి ఫోన్ చేస్తే ఫిర్యాదు తీసుకుంటారు. నేను చెయ్యలేదు. షాపుకే పోయి నోటు బుక్కు చూపించా, ఆ అబ్బాయి నిలబడి ఇరవై మూడు ఎంట్రీలూ చదివాడు, పెన్‌డ్రైవ్ సంగతి చెప్పేసరికి మొహం మాడిపోయింది. "అక్కా, మా ఇంట్లో సిస్టమ్ కూడా ఎప్పుడూ హోరు పెడతానే ఉంటది" అన్నాడు. మర్నాడు కొత్త పెన్‌డ్రైవ్ కొని మా ఇంటికొచ్చాడు, మైక్రోసాఫ్ట్ సైటు నుంచి ఎట్లా దించాలో మా పెద్దోడు చూపించాడు.

చిట్టా పేజీల ఫోటోలు మూడు ఈ ఉత్తరంతో పంపుతున్నా, అచ్చుకి పనికొస్తే వేసుకోండి. చివరి ఎంట్రీ మే 30, శనివారం, మధ్యాహ్నం 3.10. నా పేరు మాత్రం వెయ్యొద్దండీ, వేస్తే షాపు ఏదో మా ఊళ్ళో అందరికీ తెలిసిపోద్ది.

ఇట్లు,
మీ పాఠకురాలు,
చీమకుర్తి, ప్రకాశం జిల్లా